పాడిన పాట ఇంట్లో వినపడాలి

"తాగడు. పేకాడడు. డ్యూటీ అవగానే తిన్నగా ఇంటికొస్తాడు. బొమ్మ విమానాలే కదమ్మా, కొనుక్కోనీ!"

ప్లాస్టిక్ విమానాల పిచ్చి ఉన్న మగవాడి భార్యకి అందరూ చెప్పే ఓదార్పు ఇది. మా అత్తగారి దగ్గర్నుంచి పక్కింటి పిన్నిగారి దాకా నాకూ ఇదే చెప్పారు. ఇన్నేళ్లు విన్నాను. ఇప్పుడు జవాబు చెప్తాను. మగవాడి ఖర్చుకి కొలబద్ద తాగుడూ పేకాటేనా? ఆ రెండూ లేకపోతే మిగతావన్నీ లెక్క అడగకూడని ఖర్చులైపోతాయా? మనం నెలాఖరుకి కిలో చింతపండు ధర కూడా గుర్తుపెట్టుకుని చెప్పాలి. ఆయన రాత్రి పన్నెండింటికి ఫోన్లో ఎనిమిది వేలకి ఏం పాడారో మాత్రం అడగకూడదు. ఇదెక్కడి న్యాయం?

తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. స్కేల్ మోడల్ కిట్ అంటే విడి భాగాలుగా పెట్టెలో వచ్చే ప్లాస్టిక్ విమానం, ఓడ, లేదా ట్యాంకు. భాగాలు కత్తిరించి, అరగదీసి, అతికించి, రంగులేసి, స్టిక్కర్లు నీళ్లలో నానబెట్టి అంటించాలి. ఇంగ్లండ్ వాళ్ల ఎయిర్‌ఫిక్స్, జపాన్ వాళ్ల తమియా, హసెగావా, జర్మనీ వాళ్ల రెవెల్ పేరున్న కంపెనీలు. 1/72 అంటే అసలు విమానంలో డెబ్బై రెండో వంతు, 1/144 అంటే నూట నలభై నాలుగో వంతు. మన నెత్తి మీదుగా రోజూ పోయే ఎయిర్‌బస్ ఎ320 పొడవు ముప్పై ఏడున్నర మీటర్లు. 1/144లో అది 26 సెంటీమీటర్లు. మన టీవీ స్టాండు మీద హాయిగా పడుతుంది.

2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు శంషాబాద్‌కి వచ్చాక ఈ చుట్టుపక్కల విమానం అనేది బతుకుతెరువైంది. ఎయిర్‌పోర్టులో, కార్గోలో, మరమ్మతుల హ్యాంగర్లలో ఎంతోమంది పనిచేస్తున్నారు. ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల బాడీలే తయారవుతున్నాయి. రోజంతా విమానాల మధ్య ఉండేవాళ్లకి ఇంట్లో ఒక చిన్న విమానం కట్టుకోవాలనిపిస్తే దాన్ని నేనెందుకు తప్పుపడతాను? కట్టడం మంచి పనే. ఓపిక వస్తుంది, చెయ్యి తిరుగుతుంది. పిల్లలు పక్కన కూర్చుంటే బొమ్మ చూసి భాగాలు గుర్తుపట్టడం నేర్చుకుంటారు. కొడుకుని మాత్రమే కాదు, కూతుర్ని కూడా కూర్చోబెట్టండి.

నా గొడవ కట్టడంతో కాదు, కొనడంతో. అందులోనూ వేలంలో కొనడంతో.

కొట్లో వస్తువుకి ఒక ధర ఉంటుంది. నచ్చితే తీసుకుంటాం, లేకపోతే లేదు. ఆన్‌లైన్ వేలంలో ధర అప్పటికి పుట్టనే లేదు. ఈబేలో ఏమవుతుందో చూడండి. మావారు ఒక పెట్టె మీద 100 డాలర్లు గరిష్ఠంగా పెట్టారనుకుందాం. ఆ అంకెని సైటు తన దగ్గరే దాచుకుంటుంది. అవతల ఇంకొకాయన 40 పెడితే మావారి తరఫున అదే 41 అంటుంది. ఆయన 95 దాకా వస్తే 96 అంటుంది. అంటే ఆ పెట్టె ధరని నిర్ణయించింది పెట్టె కాదు, రెండో మగవాడి పట్టుదల. ఆఖరి పది సెకన్లలో దూరి పాడేవాళ్లుంటారు. దాని కోసం సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి. అమ్మేవాడి మనుషులే దొంగపేర్లతో పాట పెంచడం నిషేధం, కానీ అదీ జరుగుతూనే ఉంటుంది. ఆ వేడిలో "ఇంకొక్క రెండు డాలర్లే కదా" అని నాలుగుసార్లు అనుకుంటే అది రెండు డాలర్లు కాదు.

మనకి వేలం తెలియదని మాత్రం ఎవరూ అనకండి. చీటీ పాట మనకి తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఇరవై మంది, నెలకి ఐదు వేలు, లక్ష చీటీ. అవసరం ఉన్నావిడ ఇరవై వేలు తగ్గించి పాడుకుంటుంది. నిర్వాహకురాలి కమిషన్ ఐదు వేలు పోగా మిగిలిన పదిహేను వేలు ఇరవై మందికీ తలా 750 వస్తుంది. ఆ పాటలో ఓడినావిడకి కూడా ఎంతో కొంత మిగులుతుంది. పాడినావిడ ఎందుకు పాడిందో కూర్చున్న అందరికీ తెలుసు: కూతురి ఫీజు, ఆసుపత్రి, ఇంటి స్లాబు.

మనకి దగ్గర్లోనే ఉన్న బాలాపూర్ లడ్డూ చూడండి. 1994లో 450 రూపాయలకి పాడారు. 2024లో అది 30 లక్షలు దాటింది. ఆ డబ్బు ఎక్కువా తక్కువా అన్నది వేరే సంగతి. అది ఊరందరి ముందు, మైకులో, పట్టపగలు పాడిన పాట. ఎంతకి పాడారో ఆ రాత్రికి వాళ్లింట్లో చంటిపిల్లకి కూడా తెలుస్తుంది. ప్రసాదం పదిమందికీ పంచుతారు. పాట అంటే పైకి పాడేది, వినపడేది. దుప్పటి కింద ఫోన్ వెలుతురులో పాడేది పాట ఎలా అవుతుంది? దాని అర్థం ఒక్కటే, ఇంట్లో వాళ్లు వినకూడదని.

తర్వాత వచ్చేది "ఇది ఇన్వెస్ట్‌మెంట్" అనే మాట. "ఈ పెట్టె ఇప్పుడు దొరకదు, రేపు రెట్టింపుకి అమ్ముతా." సరే, లెక్క వేద్దాం.

మొదటిది, దొరకదన్నది మళ్లీ దొరుకుతుంది. ఈ కంపెనీల దగ్గర పాత అచ్చులు అలాగే ఉంటాయి. గిరాకీ ఉందని తెలిస్తే కొత్త పెట్టెలో పెట్టి మళ్లీ అమ్ముతారు. ఎయిర్‌ఫిక్స్ దశాబ్దాల నాటి అచ్చులతో ఇప్పటికీ కిట్లు తెస్తూనే ఉంది. 2006లో ఆ కంపెనీ దివాలా అంచుకి వెళ్లి హార్న్‌బీ చేతికి వచ్చినా అచ్చులు మాత్రం పోలేదు. కొత్త పెట్టె వచ్చిన రోజున పాత పెట్టె ధర పడిపోతుంది.

రెండోది, కడితే విలువ పోతుంది. ఇది విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. సీలు తీయని పెట్టెకే పాటలో ధర. కాబట్టి కట్టడం కోసం కొన్నది కట్టకూడదు. పోనీ దాచుదామంటే, మన వానాకాలం తేమకీ మే నెల ఎండకీ లోపలి స్టిక్కర్లు పసుపెక్కుతాయి, పగుళ్లిస్తాయి. పెట్టె మూల నలిగితే ధర సగం. మనం పట్టుచీర బీరువాలో మూడేళ్లుంచితే "కట్టని చీరెందుకు" అంటారు. మడతైనా మార్చి పెడతాం కదా! అటక మీద పెట్టెని ఎవరు మడత మారుస్తారు?

మూడోది, అమ్మడం కొనడమంత సులువు కాదు. మన దేశంలో వాళ్లలో వాళ్లు అమ్ముకోవడానికి ఉన్న ఈబే ఇండియా 2018 ఆగస్టులోనే మూతపడింది. ఇప్పుడు మిగిలినవి ఫేస్‌బుక్ గ్రూపులూ, వాట్సాప్ గ్రూపులూ, విదేశీ సైట్లూ. సైటుకి కమిషన్, ఆ పైన ప్యాకింగ్, కొరియర్. ఈ పెట్టె బరువు అరకిలో ఉంటుంది. కానీ కొరియర్ వాళ్లు బరువు ఒక్కటే చూడరు, కొలతలు కూడా చూస్తారు. 45 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 10 ఎత్తు ఉన్న పెట్టెని లెక్కకట్టి, ఐదు వేలతో భాగిస్తే 2.7 కిలోలు. అరకిలో గాలి పెట్టెకి దాదాపు మూడు కిలోల డబ్బు. ఇన్వెస్ట్‌మెంట్ అన్నవాళ్లు ఈ అంకె ఎప్పుడైనా చెప్పారా?

నాలుగోది కస్టమ్స్. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020 బడ్జెట్‌లో 20 శాతం నుంచి 60కి పెంచారు. 2023లో 70 చేశారు. స్కేల్ మోడళ్లు కూడా ఆ బొమ్మల పద్దులోనే ఉన్నాయి. ఇంటికొచ్చే పార్సిల్‌కి ఏ రేటు పడుతుందన్నది అది ఏ దారిన వచ్చిందన్న దాన్ని బట్టి మారుతుంది. మారనిది ఒకటుంది: సుంకం పాడిన ధర మీద మాత్రమే కాదు, రవాణా ఖర్చు కూడా కలిపి వేస్తారు. దాన్ని తప్పించుకోవడానికి "గిఫ్ట్ అని రాసి పంపు" అని అమ్మేవాడిని బతిమాలేవాళ్లున్నారు. ఐదు వేల లోపు గిఫ్టులకి ఉన్న మినహాయింపు 2019 డిసెంబర్‌తోనే పోయింది. ప్రాణరక్షక మందులకీ, అక్కాచెల్లెళ్లు పంపే రాఖీలకీ మాత్రం వెసులుబాటు ఉంచారు. విమానం పెట్టె రాఖీ కాదు. పైగా ఎయిర్‌పోర్టు చుట్టూ ఉద్యోగాలు చేసుకునే కుటుంబాలం మనం. కస్టమ్స్ దగ్గర అబద్ధపు కాగితం మన పేరు మీద రావడమేంటి?

ఇవన్నీ డబ్బు సంగతులు. నేను ఇంత గట్టిగా రాయడానికి అసలు కారణం వేరే ఉంది.

మా కాలనీలో ఒకావిడ భర్త హఠాత్తుగా పోయారు. రెండు గదుల అటకలూ, మంచం కిందా అంతా పెట్టెలే. ఏ పెట్టె ఎంతకి కొన్నారో, ఏది దొరకనిదో, ఏది మామూలుదో ఆవిడకి తెలియదు. సైటు పాస్‌వర్డ్ తెలియదు. ఎవరికి అమ్మాలో తెలియదు. పదకొండో రోజు కాకముందే ఒక "స్నేహితుడు" వచ్చాడు. "వదినా, ఇవి పాతబడిపోయాయి, అన్నీ కలిపి ఇంత ఇస్తాను" అన్నాడు. ఆవిడ ఒప్పుకుంది. పాటలో సంవత్సరాలపాటు ఒక్కో డాలరు పెంచి కొన్న ఆ పెట్టెలకి, ఆవిడ చేతికి వచ్చేసరికి పాడేవాడు ఒక్కడే మిగిలాడు. ఒక్కడే పాడితే అది వేలం కాదు, లూటీ. ఆ పిల్లల ఫీజులకి అవి ఎంతోకొంత ఆసరా అయ్యేవి. బంగారమైతే ఏ కొట్టుకి తీసుకెళ్లినా తూకం వేసి అదే రోజు డబ్బిస్తారు. ఈ ప్లాస్టిక్ విలువ పోయినాయన తలలో మాత్రమే ఉంది, ఆయనతోనే పోయింది.

అందుకే అంటున్నాను, ఇంట్లో వాళ్లకి తెలియని విలువ విలువే కాదు. మిగిలేది ఖర్చు ఒక్కటే.

"మరి మీ చీరల సంగతేంటి?" అని అడుగుతారని తెలుసు. అడగండి. నా చీర బిల్లు ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంటుంది. నా చీటీ ఎప్పుడు, ఎంతకి పాడానో మావారికి తెలుసు. నాకు పెట్టిన రూలే ఆయనకీ పెడుతున్నాను, అంతే. "నా సంపాదన, నా ఇష్టం" అంటే ఇంకా తేలిక. ఆ సంపాదన ఇంటికొచ్చేలా పొద్దున ఐదింటికి లేచి బాక్సులు కట్టేది ఎవరు? ఆ పనికి వేలం పెడితే ఎంతకి పోతుందో ఒకసారి పాడి చూడమనండి.

వద్దని నేను అనడం లేదు. మూడు పనులు అడుగుతున్నాను. మీరూ అడగండి.

ఒకటి, పాటకి ముందు ఇద్దరం కలిసి ఒక అంకె అనుకోవాలి. పెట్టె ధర, రవాణా, సుంకం, కార్డు ఛార్జీ అన్నీ కలిపి. ఆ అంకె పగలు, భోజనాల బల్ల దగ్గర అనుకోవాలి. రాత్రి దాన్ని ఒక్క రూపాయి కూడా దాటకూడదు. ఓడిపోతే ఓడిపోనీ, మళ్లీ వస్తుంది.

రెండు, ఒక నోటుబుక్కు. పెట్టె పేరు, కంపెనీ, స్కేలు, ఎంతకి కొన్నారు, ఇవాళ అమ్మితే ఎంత రావచ్చు, నమ్మకంగా కొనేవాళ్లు ఎవరు. అది ఎల్‌ఐసీ కాగితాల పక్కన, బీరువాలో ఉండాలి. పాస్‌వర్డ్ కూడా అందులోనే. ఇది రాయడానికి ఒక ఆదివారం చాలు.

మూడు, ఒకటి కట్టాకే ఇంకొకటి కొనాలి. కట్టరని తేలిపోయినవాటిని బతికుండగా, ఓపికున్నప్పుడు, నాలుగు గ్రూపుల్లో ధర అడిగి ఆయనే అమ్మాలి. మన మెడకి చుట్టకూడదు.

శంషాబాద్ రన్‌వే 4,260 మీటర్లు. 1/72 లెక్కన కూడా అది 59 మీటర్లవుతుంది, మన ఫ్లాట్లలో ఏ హాల్లోనూ పట్టదు. ఎన్ని విమానాలైనా కొనచ్చు, అన్నీ దిగడానికి చోటుండాలి కదా! ఎన్ని దిగుతాయో చెప్పే హక్కు ఆ ఇల్లు ఊడ్చి తుడిచేవాళ్లకి ఉంది. ఈ ఆదివారం అటక మీది పెట్టెలు కిందికి దింపమని చెప్పండి, నోటుబుక్కు మీరే కొనివ్వండి.