ఇంటి పద్దు: యెన్ను, రియాలు, ఒక లెన్సు

పోయిన నెల స్కూలు ఫీజుల గురించి రాసినందుకు నలుగురు మెచ్చుకున్నారు, ఇద్దరు కోప్పడ్డారు. ఈ నెల ఎవరికీ కోపం రాని విషయం, కెమెరా లెన్సుల ధర, ఎత్తుకుంటున్నాను.

అడిగినవాడు మన కుర్ర ఇంజనీరు ఒకడు. సెలవు రోజు తెల్లవారకముందే లేచి అల్ అన్సబ్ చెరువుల దగ్గర కొంగల కోసం కూర్చునే రకం. ఉగాది భోజనాల దగ్గర, పులిహోర విస్తరి చేత్తో పట్టుకొనే నా పక్కకు చేరి, "అంకుల్, జపాన్ యెన్ బాగా పడిపోయింది కదా, ఇంకో ఆరు నెలలు ఆగితే లెన్సులు చవకవుతాయంటారా? ఆగమంటారా?" అన్నాడు.

ఆ "ఆగమంటారా" దగ్గర నాకు పచ్చడి గొంతుకు అడ్డం పడింది. 1985లో నన్ను నేను ఇదే మాట అడుక్కున్నాను. ఆగాను కూడా.

మా బావమరిది అప్పుడే తెనాలిలో ఫొటో స్టూడియో పెట్టాడు. చుట్టుపక్కల స్టూడియోల వాళ్లంతా యాషికాలతో నెట్టుకొస్తుంటే ఇతను అప్పు చేసి నికాన్ ఎఫ్ఎమ్ 2 కొన్నాడు. దానితో పాటు వచ్చిన మామూలు లెన్సు ఒకటే ఉంది. పెళ్లికూతురి ముఖం దగ్గరగా తీస్తే ముక్కు పెద్దదిగా వస్తోందని, 105 మిల్లీమీటర్ల నిక్కార్ లెన్సు ఒకటి కావాలని, మాఘమాసం ముహూర్తాలకు అందితే ఆ ఏడాది గట్టెక్కుతానని ఏరోగ్రాములో రాశాడు. "బావగారూ, ఖరీదెంతయినా నేను ఇచ్చుకుంటాను" అని చివర మళ్లీ ఒక గీత గీసి మరీ రాశాడు.

అక్టోబరులో రువీ హై స్ట్రీట్‌లో ఒక చిన్న దుకాణానికి వెళ్లాను. ధర 62 రియాళ్లు. దుకాణం ఆయన కచ్ఛీ పెద్దమనిషి. "సాబ్, ఇది పాత సరుకు, పాత ధర. వచ్చే పార్సెల్ కొత్త ధరకు వస్తుంది, ఇవాళే తీసుకోండి" అన్నాడు. దుకాణదారు ఇవాళే తీసుకోండి అనకపోతే మరేమంటాడు! నవంబరులో పదిహేనో జాతీయ దినోత్సవం ఉంది, అప్పుడు తగ్గింపు ధరలు పెడతారు, అప్పుడు చూద్దాం అనుకొని ఇంటికి వచ్చేశాను.

ఆయన చెప్పింది వట్టి వ్యాపారపు మాట కాదని తరువాత తెలిసింది. ఆ సెప్టెంబరు 22న న్యూయార్కులో ప్లాజా హోటల్లో అమెరికా, జపాన్, పశ్చిమ జర్మనీ, ఫ్రాన్సు, బ్రిటన్ ఆర్థిక మంత్రులు కూర్చుని డాలరు విలువ దించాలని ఒప్పందం చేసుకున్నారు. అంతకుముందు డాలరుకు సుమారు 240 యెన్లు. ఏడాది తిరిగేసరికి సుమారు 155. మన రియాలు డాలరుకు కట్టిన దూడ గనుక, డాలరు యెన్ను ముందు ఎంత దిగితే ఇదీ అంత దిగింది.

అది చాలదన్నట్టు 1986 జనవరిలో రియాలు విలువను డాలరుతో పోల్చి పది శాతానికి కాస్త పైగా తగ్గించారు. 1973 నుంచి రియాలుకు 2 డాలర్ల 89 సెంట్లు పైచిలుకు వచ్చేవి. అప్పటి నుంచి 2 డాలర్ల 60 సెంట్లు. నూనె ధర కూలుతున్న రోజులవి. ఆ వేసవికి పీపా పది డాలర్ల దరిదాపులకు వచ్చింది. ఎవరి కాంట్రాక్టు ఉంటుందో ఎవరిది పోతుందో తెలియక మన ఇళ్లలో రాత్రిళ్లు మాట్లాడుకునేది అదే. ఆ కలవరంలో లెన్సు సంగతి ఎవరికి గుర్తుంటుంది!

లెక్క కావాలంటే ఇదిగో. జపాన్ ఫ్యాక్టరీ గుమ్మంలో 36,000 యెన్ల వస్తువు అనుకోండి. 1985 వేసవిలో అది 150 డాలర్లు, అంటే సుమారు 52 రియాళ్లు. 1986 సెప్టెంబరులో అదే వస్తువు, అదే 36,000 యెన్లు, 232 డాలర్లు, 89 రియాళ్లు. రియాలు విలువ తగ్గించకపోయినా 80 అయ్యేది. మిగిలిన తొమ్మిదీ మన జనవరి పుణ్యం. అయితే దుకాణంలో ధర అంతగా పెరగలేదు. అమ్మకాలు పోతాయని జపాన్ కంపెనీలు తమ లాభం కొంత కోసుకున్నాయి. నేను ఏప్రిల్‌లో మళ్లీ వెళ్లేసరికి ఆ లెన్సు 84 రియాళ్లు. దుకాణం ఆయన నన్ను గుర్తుపట్టాడు కానీ ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఈలోగా మాఘం వెళ్లిపోయింది. వేసవిలో నేను బొంబాయిలో దిగి, కట్టవలసిన సుంకం కట్టి, రైలెక్కి తెనాలి చేరేసరికి జరిగినది మా అత్తగారు చెప్పారు. నా లెన్సు రాదని తేలిపోయాక అతను నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి, మద్రాసులో ఎవరి దగ్గరో వాడిన లెన్సు కొన్నాడు. లోపలి గాజుకు బూజు పట్టి ఉందని తెచ్చాక తెలిసింది. మన కోస్తా తేమకు లెన్సుకు బూజు పట్టడం వింత కాదు. ఆ మాఘంలో తీసిన రెండు పెళ్లిళ్ల ఫొటోలు పొగమంచులో తీసినట్టు వచ్చాయి. ఒక పెళ్లివారు డబ్బు ఇవ్వమన్నారు. అతను నాతో ఈ మాట ఒక్కటీ చెప్పలేదు. డబ్బా విప్పి, లెన్సును దీపం వైపు పెట్టి చూసి, "చాలా బాగుంది బావగారూ" అన్నాడు.

సరే, కుర్రవాడి ప్రశ్నకు వద్దాం. అప్పుడు యెన్ను పెరిగితే ధర పెరిగింది కదా, ఇప్పుడు పడితే తగ్గాలి కదా? న్యాయంగా తగ్గాలి. 2012 మొదట్లో డాలరుకు 80 యెన్ల కంటే తక్కువ వచ్చేవి, 2024 జూలైలో 161 దాకా పోయింది. యెన్ను సగమయింది. లెన్సు ధర సగమయిన దుకాణం ఎవరికైనా కనిపిస్తే నాకు చెప్పండి, టాక్సీ ఖర్చు నాది.

ఎందుకు తగ్గలేదంటే, ఒకటి, కంపెనీలు మనకు యెన్లలో అమ్మవు. గల్ఫు ప్రాంతానికి డాలర్ల ధరల పట్టిక వేరే ఉంటుంది. యెన్ను పడినప్పుడు కలిసివచ్చే తేడా వాళ్ల పద్దులోకి పోతుంది. ఇప్పటి లెన్సులు కొన్ని థాయ్‌లాండ్‌లోనూ చైనాలోనూ తయారవుతున్నాయి కూడా. అన్నిటికంటే పెద్ద సంగతి, కొనేవాళ్లు లేరు. 2010లో ప్రపంచం మొత్తం మీద జపాన్ కంపెనీలు పన్నెండు కోట్ల పైచిలుకు డిజిటల్ కెమెరాలు పంపితే, 2023లో ఎనిమిది కోట్లు కూడా కాదు, ఎనభై లక్షల లోపే. మిగిలినదంతా సెల్‌ఫోను మింగేసింది. అమ్మేది తక్కువైతే ఒక్కొక్కదాని మీద ఎక్కువ తీయాలి కదా.

రియాలు మాత్రం 1986 తరువాత డాలరు దగ్గర ఒక్క అంగుళం కదలలేదు. కాబట్టి ఇక్కడ లెన్సు ధర మారిందంటే దానికి కారణం కంపెనీ పట్టిక, గుమ్మంలో 5 శాతం కస్టమ్సు, 2021 ఏప్రిల్‌లో వచ్చిన 5 శాతం వ్యాట్, దుకాణదారు లాభం. దుబాయిలో చవకంటే మారకపు రేటు వల్ల కాదు, దిర్హమూ డాలరుకే కట్టి ఉంది. అక్కడ దుకాణాల పోటీ ఎక్కువ, అంతే. అక్కడ కొంటే వారంటీ ఇక్కడ చెల్లుతుందా లేదా అని మాత్రం ముందే అడగండి. కొత్త మోడలు వచ్చిన నెలలో పాత మోడలు ధర తగ్గుతుంది. ఆగితే దానికోసం ఆగాలి, యెన్ను కోసం కాదు.

ఇదంతా చెప్పాక కుర్రవాడు అసలు బాధ బయటపెట్టాడు. "700 రియాళ్లండీ. నాన్నగారితో అంటే లక్షన్నర దాటిందిరా అన్నారు." ఇది మనందరి జబ్బు. 1985లో రియాలుకు 35 రూపాయలు వచ్చేవి, 1991 జూలై తరువాత 67, 2025లో 220 దాటింది. 2015లో ఇదే 700 రియాళ్ల లెన్సుకు లక్షా పదహారు వేలు అనుకునేవాళ్లం. రియాళ్లలో పైసా పెరగకపోయినా రూపాయల్లో ఏటేటా పెరుగుతూనే ఉంటుంది. జీతం రియాళ్లలో తీసుకొని ఖర్చు రూపాయల్లో లెక్కపెడితే ఇక్కడ మంచినీళ్లు కూడా తాగలేము.

ఈ మాట మా ఇంట్లో ఒప్పుకోరు. "చివరికి వెళ్లి తినేది అక్కడే కదా, మరి అక్కడి లెక్కే లెక్క" అంటుంది మా ఆవిడ. అదీ తప్పని అనలేను. ఆ 700 ఇంటికి పంపితే నిజంగానే లక్షన్నర అవుతుంది. అందుకే ఏది కొనమన్నానో కుర్రవాడికి చెప్పలేదు. దేని కోసం ఆగకూడదో మాత్రమే చెప్పాను.

మా బావమరిది స్టూడియో ఇప్పుడు వాళ్లబ్బాయి నడుపుతున్నాడు. పోయినసారి వెళ్లినప్పుడు ఆ పాత 105 లెన్సును కొత్త డిజిటల్ కెమెరాకు తగిలించి మా ఇద్దరినీ అరుగు మీద కూర్చోబెట్టి ఫొటో తీశాడు. నికాన్ ఆ బిగింపును 1959 నుంచి చాలా ఏళ్లు అలాగే ఉంచింది కాబట్టి సరిపోయింది. ఆ సందర్భంలో 1986లో లెన్సుకు తను ఎంత ఇచ్చాడో మా బావమరిది వాళ్లబ్బాయికి చెప్పాడు. నేను 62 రియాళ్లకు సరిపడా రూపాయలే తీసుకున్నాను, అంతే ఖరీదని చెప్పాను. 84 సంగతి ఇప్పటికీ అతనికి తెలియదు. ఈ పత్రిక తెనాలి దాకా పోదు గనుక రాస్తున్నాను.