సిలోయము గోపురం

1934 జనవరి 15న బీహారులో భూకంపం వచ్చి వేలమంది మరణించారు. అది అంటరానితనమనే పాపానికి దేవుడు వేసిన శిక్ష అని గాంధీజీ మన మధురకు దిగువనున్న తిరునల్వేలిలో అన్నారు. ప్రకృతి కారణం ప్రకృతిలోనే వెతకాలని రవీంద్రులు కాదన్నారు. మేము రవీంద్రుల పక్షమే. తెలుగు మాట్లాడే అరుంధతీయులను కోయంబత్తూరు సీమలో మన తెలుగువారే ఊరి వెలుపల ఉంచారు గదా. ఇక్కడి భూమి కంపించలేదే! అయితే గాంధీజీ ‘మన’ పాపమన్నారు, ‘వారి’ పాపమనలేదు. ఆ మేరకు మేలే.

2004 డిసెంబరు 26న, క్రిస్మస్ మరునాడు, వేళాంగణ్ణిలో మొక్కు తీర్చుకోవచ్చిన భక్తులనే సముద్రం మింగింది. అది తీర్పయితే ఎవరి మీద? లూకా 13వ అధ్యాయం చూడండి. సిలోయములో గోపురం కూలి చచ్చిన 18 మంది తక్కినవారికన్న పాపులు కారని చెప్పి, యేసు విన్నవారినే మారుమనస్సు పొందమన్నాడు. దీనిపై మన సంఘంలోని క్రైస్తవ సోదరులు రెండు ముక్కలు వ్రాసి పంపితే వచ్చే సంచికలో వేస్తాము.