పింఛం పెట్టిన ముఖం

శంషాబాద్ విమానాశ్రయానికి కొద్ది దూరంలో, నర్కూడ దగ్గర అమ్మపల్లి రామాలయం ఉంది. భక్తులతో పాటు సినిమా వాళ్లూ ఆ గుడికి షూటింగుల కోసం వస్తూనే ఉంటారు. గుడి సినిమాకెక్కడం అందరికీ తెలుసు. సినిమా దేవుడు పూజగదికెక్కిన కథే ఎవరూ సరిగా రాయలేదు.

1957 నాటి 'మాయాబజార్' నలుపు తెలుపు చిత్రం. అందులో ఎన్టీఆర్ కృష్ణుడికి తెర మీద నీలం లేదు. ఆ నీలాన్ని పూసింది పోస్టర్లూ క్యాలెండర్లూ వేసిన చిత్రకారులు. కిరీటం మీద పింఛం, చేతిలో పిల్లనగ్రోవి, కొసన కాస్త వంగిన చిరునవ్వు. ఇవి కుదిరాక ఆ కాగితానికి పటం కట్టించి దండ వేశారు.

నటుల బొమ్మలు కొనుక్కోవడం మనకే పరిమితం కాదు. జపాన్‌లో కబుకి అనే సంప్రదాయ నాటకాల నటుల బొమ్మల్ని చెక్క అచ్చులతో ముద్రించి జనానికి అమ్మేవారు. వాటిలోనూ ప్రతి రంగుకూ అర్థముంది. ముఖాన ఎర్ర చారలుంటే వీరుడు, నీలి చారలుంటే దుష్టుడు. మనకు దైవమైన నీలం వాళ్లకు విలనీ! దన్జూరో అనే నట వంశానికి చెందినవాడైతే అంగీ మీద ఒకదానిలో ఒకటి ఇమిడిన మూడు చతురస్రాలు కనిపిస్తాయి. 1794-95లో పది నెలలపాటు ఇలాంటి బొమ్మలు వేసిన చిత్రకారుడు షరాకు, ఆడవేషం కింది మగవాడి దవడను కూడా దాచలేదు. వేషం ఎంత గొప్పదైనా, వేసిందెవరో తెలియాలన్నది ఆ బొమ్మల తీరు.

మనవాళ్లు నటుణ్నే దేవుడనుకున్నారని తేలిగ్గా అనేస్తుంటారు. నేనొప్పుకోను. 1966లో 'శ్రీకృష్ణ పాండవీయం'లో ఎన్టీఆరే కృష్ణుడు, ఎన్టీఆరే దుర్యోధనుడు. 1977లో 'దానవీరశూర కర్ణ'లో కర్ణుడు కూడా ఆయనే. ముఖం ఒక్కటే. పూజగదికి చేరింది మాత్రం పింఛం పెట్టిన ముఖం. గుర్తుల్ని అంత తేటగా చదవగలిగిన ప్రేక్షకుణ్ని అమాయకుడనడం అన్యాయం.

షరాకు బొమ్మల మీద అతని సంతకం, ప్రచురణకర్త త్సుతాయా ముద్ర నేటికీ ఉన్నాయి. మన పోస్టర్ల చరిత్రను పబ్లిసిటీ ఆర్టిస్ట్ ఈశ్వర్ 'సినిమా పోస్టర్' పుస్తకంలో భద్రపరిచారు. క్యాలెండర్ చిత్రకారులకు ఆ భాగ్యం ఇంకా దక్కలేదు. మీ ఇంట్లో పాత కృష్ణుడి పటం ఉంటే దించి, అడుగున చిన్న అక్షరాల్లో ఉండే ప్రెస్సు పేరు, సంవత్సరం, మూలన సంతకం చూసి పత్రికకు రాయండి. అన్నీ అచ్చువేస్తాం.