మేస్త్రీ మళ్ళీ వచ్చినాడు

గత నెలలో మత్తిగిరి నేత కుటుంబమొకటి మన సంఘం గదికి ఒక కాగితం తెచ్చి చూపినది. పైన రంగుల ముద్ర, క్రింద ఇంగ్లీషు సంతకం. పాలిటెక్నిక్ చదివిన కుర్రవానికి బ్యాంకాకులో కంప్యూటరు పని, నెలకు తొంభై వేల జీతం, తిండి బస ఉచితం. ముందుగా కట్టవలసినది లక్షన్నర. "ఇది నిజమేనా అన్నా?" అని తండ్రి అడిగినాడు. అడిగేనాటికి ఇంట్లోని రెండు మగ్గాలలో ఒకదానికి బేరం కుదిరి, బయానా కూడ పుచ్చుకొన్నాడు. కాగితం ఎవరికీ చూపకముందే మగ్గం అమ్మకానికి పెట్టినారే అన్న బాధతోనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

పట్టు అని చెప్పి ఎవడైనా చిలప తెస్తే మనం మాట మీద కొంటామా? ఒక పోగు లాగి వెలిగిస్తాము. వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద రాలితే పట్టు, కరగి ముద్ద కడితే మరొకటి. రెండు వందల రూపాయల సరుకుకు ఇంత పరీక్ష చేసే మనము, కన్నబిడ్డను పంపే కాగితాన్ని మాత్రం అట్లే నమ్ముతున్నాము. తెచ్చినవాడు మనవాడు కావడమే అందుకు కారణం. బావమరిది స్నేహితుడో, పెళ్ళిలో పరిచయమైనవాడో అయి ఉంటాడు. పరాయివాడైతే నాలుగు ప్రశ్నలు వేసేవారమే.

ఆ కాగితంలో కంపెనీ చిరునామా లేదు. ఫోనులో పది నిమిషాలు మాట్లాడి, టైపు వేగం మాత్రం అడిగినారట. వీసా ఏదని విచారిస్తే, సందర్శకుల వీసా మీద పోతే అక్కడ మార్చుకోవచ్చునని చెప్పినారట. పోగు కరగి ముద్ద కట్టినది ఇక్కడనే. చూడవచ్చినవానికిచ్చే వీసా పని చేయుటకు చెల్లదు.

ఇట్టి కాగితాల కథ కొత్తది కాదు. థాయిలాండులో ఉద్యోగమని పిలిచి, దొంగదారిన సరిహద్దు దాటించి మయన్మారులో నిర్బంధిస్తున్నారని విదేశాంగ శాఖ 2022 సెప్టెంబరులోనే హెచ్చరించినది. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు కంబోడియాకు యువకులను చేరవేసిన ఏజెంట్లను పట్టుకొన్నారు. అక్కడ వారి చేత చేయించినది ఫోనులో మన దేశస్థులనే వంచించే పని. 2025 మార్చి 10, 11 తేదీలలో మయన్మారు నుండి విడిపించిన 549 మందిని వాయుసేన విమానాలలో థాయిలాండు నుండి తీసుకొనివచ్చినారు. వారిలో తెలుగు బిడ్డలు కూడ ఉన్నారు. పాస్‌పోర్టు లాగుకొనడం, ఒప్పుకోనివారిని కొట్టడం, విడుదలకు డబ్బు అడగడం, ఇవన్నీ తిరిగి వచ్చినవారు చెప్పిన మాటలే.

బర్మా పేరు వినగానే మన పెద్దవారికి ఒకటి గుర్తు రావలెను. ఒకప్పుడు కోస్తా జిల్లాలనుండి వేలాదిమంది "రంగం" పోయినారు. మేస్త్రీ ఊరికి వచ్చి, ముందుగా బాకీ ఇచ్చి, ఓడ ఎక్కించి, ఆ బాకీని కూలిలో కోసుకొనేవాడు. 1942లో జపాను దండు వచ్చినప్పుడు ఎందరో అడవుల వెంట నడచి తిరిగి వచ్చినారు, దారిలో పోయినవారూ ఎందరో. ఆనాటి మేస్త్రీ డబ్బు ఇచ్చి కట్టివేసేవాడు. ఈనాటివాడు మన డబ్బు పుచ్చుకొనే కట్టివేస్తున్నాడు. ఆ లెక్కన చూస్తే పాతవాడే నయం.

పోవద్దని మేము ఎవరికీ చెప్పము. మగ్గం మీద వచ్చే కూలి ఎంతో మాకు తెలుసును. విదేశాలలో నిజమైన పనులూ ఉన్నవి, మర్యాదగా సంపాదించుకొని వచ్చినవారూ ఉన్నారు. అయితే 1983 నాటి వలస చట్టం ప్రకారం ప్రభుత్వ రిజిస్ట్రేషను లేనివాడు మనుషులను పంపరాదు. ఆ నంబరు అడిగి, ప్రభుత్వ ఈ-మైగ్రేట్ జాబితాలో ఉన్నదో లేదో చూడవలెను. "నేను వారి సబ్ ఏజెంటును" అనేవానికి చట్టంలో చోటు లేదు. ఏజెంటు రుసుము ముప్పై వేలు, దానిపై పన్ను, అంతే. రసీదు లేకుండ ఒక్క రూపాయి ఇవ్వవద్దు.

పదవ తరగతి దాటక మగ్గం ఎక్కినవారు మనలో ఎందరో ఉన్నారు. వారికి గల్ఫు దేశాలు, మలేషియా, థాయిలాండు మొదలైన 18 దేశాలకు ఉద్యోగానికి పోవుటకు ముందుగా ప్రభుత్వ అనుమతి కావలెను. దానితో పది లక్షల బీమా కూడ వస్తుంది. సందర్శకుడుగా పొమ్మనేవాడు ఆ బీమాను, ఆ రక్షణను మీ చేతినుండి జారవిడిపిస్తున్నాడు. తమిళనాడు ప్రభుత్వమే నడిపే ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కార్పొరేషను చెన్నైలో 1978 నుండి ఉన్నది. వలసదారుల సంరక్షకుని కార్యాలయం కూడ చెన్నైలోనే. విదేశాంగ శాఖవారి ఉచిత ఫోను 1800 11 3090. మోసపోయి డబ్బు కట్టినవారు సిగ్గుపడక వెంటనే 1930కి ఫోను చేయవలెను. ఆలస్యమైన కొద్దీ ఆ డబ్బు చేతులు మారిపోతుంది.

మా వంతు తప్పు కూడ చెప్పుకొనవలెను. నూలు ధర గూర్చి, రిబేటు గూర్చి ఎన్ని సమావేశాలు పెట్టినామో, పిల్లల ఉద్యోగాల గూర్చి ఒక్కటీ పెట్టలేదు. ఇకమీదట ఆదివారం ఉదయం సంఘం గదిలో చదువుకొన్న ఇద్దరు కుర్రవారు కూర్చొని, ఎవరు ఏ కాగితం తెచ్చినా చదివి చెప్పుతారు. బయానా పుచ్చుకొనక మునుపే తీసుకొని రండి.

మత్తిగిరి తండ్రి బయానా తిరిగి ఇచ్చివేసి మగ్గం నిలుపుకొన్నాడు. కొన్నవాడు మంచివాడు, పేచీ పెట్టలేదు. కుర్రవాడు మాత్రం మా మీద ఇంకా అలిగే ఉన్నాడు.