మా బావా, అతని 1911 పిస్టలూ, మా శంషాబాదు రోడ్డూ

ముందే చెప్పేస్తున్నా, ఈ టపా చదివాక కొంతమంది నన్ను పిరికివాడనుకుంటారు. అనుకోండి, ఫర్వాలేదు.

పోయిన నెల మా బావ (అక్క మొగుడు) డాలస్ నుంచి వచ్చాడు. అర్ధరాత్రి ఫ్లైటు. ఎయిర్‌పోర్టుకి నేనే వెళ్ళి తీసుకొచ్చా. కార్లో కూర్చున్న పది నిమిషాలకి ఫోన్ తీసి ఒక ఫోటో చూపించాడు. పిల్లల ఫోటో అనుకున్నా. కాదు, పిస్టల్!

"ఎలా ఉందిరా? 1911. క్లాసిక్! మొదటిసారి కొనేవాడు ఎవడైనా ఇదే కొనాలి" అన్నాడు.

కోడిని కోస్తుంటే పక్కకి తిరిగి నిలబడే మా బావ పిస్టల్ కొన్నాడా అని నాకు ఆశ్చర్యం. అంతకంటే పెద్ద ఆశ్చర్యం, ఆయన దగ్గర వేట లైసెన్సు ఉండటం. ఎందుకంటే ఆయన ఇంకా హెచ్ వన్ మీదే ఉన్నాడు. హెచ్ వన్ లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గరుంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధం. కొద్ది మినహాయింపులున్నాయి, వాటిలో ఒకటి చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు. అందుకని మనవాళ్ళు జన్మలో వేటకి వెళ్ళకపోయినా ఆ కాగితం తీసుకుంటారు. అది గడువు దాటిపోతే ఏమవుతుందో ఎంతమందికి తెలుసో నాకనుమానమే. గ్రీన్ కార్డు కోసం పదేళ్ళు లైన్లో నిలబడేవాడు ఇంత రిస్కు దేనికి తీసుకుంటాడో నాకర్థం కాలేదు. సరే, అది ఆయన తలనొప్పి.

నా తలనొప్పి తొండుపల్లి దగ్గరికి రాగానే మొదలైంది. "ఇక్కడే కదరా అప్పుడు జరిగింది?" అన్నాడు బావ. అవునన్నా. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత ఆయనే "చెల్లి రోజూ ఈ రోడ్డు మీదే వస్తుంది కదా. లైసెన్సుకి అప్లై చెయ్యి. ఒకటి కొనిపెడదాం, డబ్బులు నేనిస్తా" అన్నాడు.

మా చెల్లి ఎయిర్‌పోర్టులో షిఫ్టు ఉద్యోగం చేస్తుంది. రాత్రి పదిన్నరకి స్కూటీ మీద ఇంటికొస్తుంది. ఆ మాట అన్నప్పుడు బావ గొంతులో ఉన్నది గొప్పలు కాదు, భయం. అందుకే ఆయన్ని ఎగతాళి చేసి ఊరుకోలేకపోయా. ఆయనకి నేను చెప్పిన జవాబే ఈ టపా.

మొదట ఆ క్లాసిక్ సంగతి చూద్దాం. 1911 పిస్టల్ తయారుచేసింది జాన్ బ్రౌనింగ్. అమెరికా సైన్యం దాన్ని 1911 మార్చిలో తీసుకుని, 1985లో బెరెట్టా వచ్చేదాకా వాడింది. .45 బోరు, మ్యాగజైన్ లో ఏడు తూటాలు, ఖాళీగా ఉన్నా కిలో పైనే బరువు. సెమీ ఆటోమేటిక్ అంటే ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒకటే పేలుతుంది, తర్వాతి తూటా మాత్రం దానంతటదే ఛాంబర్లోకి వచ్చి కూర్చుంటుంది. ఈ "దానంతటదే" అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తా. అదే బ్రౌనింగ్ మొదలుపెట్టిన డిజైను నుంచి, ఆయన పోయాక, 1935లో హై పవర్ వచ్చింది. 9 ఎం.ఎం., 13 తూటాలు. మన ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ మన సైన్యానికీ పోలీసులకీ చేసింది దీన్నే.

"1911 మంచిదా, హై పవర్ మంచిదా" అని బావలాంటి వాళ్ళు గంటలు గంటలు కొట్టుకుంటారు. మన 'విండోసా, లినక్సా' లాగా. కానీ హైదరాబాదులో ఉన్నవాడికి ఈ చర్చ దండగ. మన దేశంలో 9 ఎం.ఎం. నిషిద్ధ బోరు, మామూలు జనానికి ఇవ్వరు. విదేశీ తుపాకుల దిగుమతి 1980ల మధ్యలోనే మామూలు పౌరులకి మూసేశారు. అప్పటికే దేశంలో ఉన్న పాత సరుకు లైసెన్సుదార్ల చేతులు మారుతూ లక్షలు పలుకుతుంది. చివరికి మామూలువాడికి అందేది ఎక్కువగా మన ప్రభుత్వ ఫ్యాక్టరీల .32 సరుకే. నిర్భయ ఘటన తర్వాత, 2014 జనవరిలో, కాన్పూరు ఫ్యాక్టరీ వాళ్ళు ఆడవాళ్ళ కోసమని 'నిర్భీక్' అనే .32 రివాల్వర్ తెచ్చారు. అర కిలో బరువు, ధర 1,22,360 రూపాయలు. అప్పట్లో ఎంత మంది ఆడపిల్లల తండ్రుల నెల జీతం అందులో పదో వంతు ఉండేదో మీరే లెక్కేసుకోండి.

ఇక లైసెన్సు. 21 ఏళ్ళు నిండాలి, పోలీసు విచారణ జరగాలి, 2016 ఆయుధ నియమాల ప్రకారం భద్రతా శిక్షణ సర్టిఫికెట్ ఉండాలి. ఆత్మరక్షణకి అంటే, ఎవరి నుంచి ప్రమాదమో చెప్పాలి. "రోడ్డు మీద లైట్లు లేవు సార్" అంటే ఒప్పుకోరు.

సరే, అన్నీ దాటి లైసెన్సు వచ్చిందే అనుకుందాం. ఇప్పుడు నా అసలు ప్రశ్న. ఆ పిస్టల్ రోజంతా ఎక్కడుంటుంది?

మన రోజు ఒకసారి చూసుకోండి. ఆఫీసు గేటు దగ్గర బ్యాగు స్కానింగు. మెట్రోలో స్కానింగు. మాల్లో, మల్టీప్లెక్సులో స్కానింగు. మా చెల్లి ఉద్యోగమైతే ఏకంగా ఎయిర్‌పోర్టులోనే, గేటు దగ్గర సి.ఐ.ఎస్.ఎఫ్. వాళ్ళుంటారు. వీటిలో ఏ ఒక్క చోటికీ పిస్టల్ తో వెళ్ళలేం. ఎన్నికల కోడ్ వస్తే స్టేషన్లో జమ చెయ్యమంటారు. అంటే చెల్లిని కాపాడటానికి కొన్న పిస్టల్, చెల్లి రోడ్డు మీద ఉన్న టైములో ఇంట్లో బీరువాలో ఉంటుంది. బీరువా ఉన్న ఇంట్లో మా అమ్మా, నాన్నా, సెలవులకొస్తే అక్క పిల్లలిద్దరూ ఉంటారు. అంటే మనం తుపాకీ కొనేది దొంగ కోసం, పెట్టేది పిల్లల పక్కన.

లేదు, ఎలాగో దగ్గరే ఉందనుకుందాం. అప్పుడు ఇంకో చిక్కు. ఛాంబర్ ఖాళీగా పెట్టుకుంటే, వాడాలంటే స్లయిడ్ వెనక్కి లాగాలి, దానికి రెండు చేతులూ కావాలి. ఒక చెయ్యి ఎదుటివాడు పట్టుకున్నాడంటే అది ఉత్త ఇనుప ముక్క, అంతే. పోనీ ఛాంబర్లో తూటా ఎక్కించి పెట్టుకుంటే? 1911ని అలా ఉంచాలంటే హ్యామర్ ఎత్తి, సేఫ్టీ వేసి, హ్యాండ్ బ్యాగులో దువ్వెనకీ తాళాలకీ మధ్య పెట్టుకోవాలి. వేలల్లో గుళ్ళు పేల్చి అలవాటైన సైనికుడికి అది సరిపోవచ్చు. రోజంతా నిలబడి అలిసిపోయి వచ్చే మనిషికి కాదు. ఇది క్లాసిక్ అయినా, కొత్త మోడల్ అయినా తీరే సమస్య కాదు.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇక్కడ పనికొస్తుంది. మ్యాగజైన్ తీసేస్తే పిస్టల్ ఖాళీ అయిపోయిందనుకుంటాడు కొత్తవాడు. కాలేదు! దానంతటదే వచ్చి కూర్చున్న తూటా ఇంకా ఛాంబర్లోనే ఉంటుంది. డేటాబేసులో డిలీట్ చేసి క్యాషే మర్చిపోయినట్టు. మనకైతే యూజర్ కి పాత పేజీ కనిపిస్తుంది, అంతే. అక్కడ మనిషి పోతాడు. 2024 నవంబరులో అట్లాంటాలో చదువుకుంటున్న మన హైదరాబాదు కుర్రాడు, పుట్టినరోజు నాడే, తన తుపాకీ శుభ్రం చేస్తుంటే పేలి చనిపోయాడని వార్తల్లో చూశాం. ఆ తల్లిదండ్రుల గురించి ఆలోచించండి.

చివరికి ఎయిర్‌పోర్టు. మనం లాప్ టాప్ బ్యాగులూ, జిమ్ బ్యాగులూ కలిపేసే రకం. ఏదో ఒక జేబులో మిగిలిపోయిన ఒక్క తూటా చాలు, స్కానర్లో కనబడుతుంది. లైసెన్సు లేకుండా తూటాలు దొరికితే ఆయుధ చట్టం 25వ సెక్షన్. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేని ఆయుధాలకి పడే శిక్ష రెండు నుంచి ఐదేళ్ళు. తన దగ్గర ఉందన్న ఎరుక ఉంటేనే అది 'కలిగి ఉండటం' అని సుప్రీంకోర్టు 1972లోనే, గున్వంత్‌లాల్ కేసులో చెప్పింది. కానీ అది కోర్టులో వాదించుకునే మాట. ఈలోపు ఫ్లైటు పోతుంది, వీసా స్టాంపింగు ఫారంలో "ఎప్పుడైనా అరెస్టయ్యారా" అన్న ప్రశ్న ఎదురుచూస్తూ ఉంటుంది. మా బావ డాలస్ లో బయల్దేరే ముందు బ్యాక్ ప్యాక్ జేబులన్నీ నాలుగుసార్లు తిరగేశాట్ట. ఆయనే చెప్పాడు. ధైర్యం కోసం కొన్న వస్తువు తెచ్చిపెట్టిన ధైర్యం ఇదీ!

ఇప్పుడు తొండుపల్లి విషయం. 2019 నవంబరు 27. నేనప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరిన ఫ్రెషర్ని. మర్నాటి నుంచి మా టీము గ్రూపుల నిండా ఒకటే మాట, "ప్రతి ఆడపిల్లకీ పిస్టల్ ఇవ్వాలి" అని. సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నా, నేనూ ఫార్వర్డ్ చేశా.

కానీ ఆ రాత్రి ఏం జరిగిందో చూడండి. ఆమె స్కూటీ టైరులో గాలి తీసేశారు. తర్వాత సాయం చేస్తామని వచ్చారు. ఆమెకి అనుమానం వచ్చి చెల్లెలికి ఫోన్ చేసి భయంగా ఉందని చెప్పింది. సాయం చేస్తానన్నవాడి మీద పిస్టల్ ఏ నిమిషంలో తియ్యాలి? ఆ గీత ఎక్కడో బయటి నుంచి చూసే మనకి ఇప్పుడు తెలుసు, అక్కడ నిలబడ్డ మనిషికి తెలియదు. ఇంకో పక్క, కూతురు కనబడటం లేదని పరుగెత్తిన ఇంటివాళ్ళకి స్టేషన్లో ఎదురైంది "ఇది మా పరిధి కాదు" అన్న మాట. నిర్లక్ష్యానికి ముగ్గురు పోలీసుల్ని సస్పెండ్ చేశారు కూడా. ఆ రాత్రి లేనిది పిస్టల్ కాదు. వెలుతురు లేదు, గస్తీ లేదు, ఫిర్యాదు రాసుకునే మనిషి లేడు.

ఆ కథలోకి పిస్టల్ తొమ్మిది రోజుల తర్వాత వచ్చింది. డిసెంబరు 6 తెల్లవారుజామున, చటాన్‌పల్లి దగ్గర. నిందితులు మా పిస్టళ్ళు లాక్కున్నారు, అందుకే కాల్చామన్నారు పోలీసులు. జనం పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. ఆయుధాలు లాక్కున్నారన్న మాట నమ్మశక్యంగా లేదనీ, చంపాలనే కాల్చారనీ అందులో ఉంది. ఇంతకీ మా రోడ్డు మీద ఎన్ని లైట్లు పెరిగాయి? పూలు చల్లిన మనలో ఎంతమంది ఆ ప్రశ్న అడిగాం? పిస్టల్ మోత విన్నాక మనం ఇంటికెళ్ళి ప్రశాంతంగా పడుకున్నాం. నాకు పిస్టల్ మీద ఉన్న అసలు కోపం అదే. అది సమస్య తీరిపోయినట్టు అనిపింపజేస్తుంది.

"మరి ఏం చెయ్యమంటావురా, చేతులు ముడుచుక్కూర్చోమంటావా?" అన్నాడు బావ. న్యాయమైన ప్రశ్నే.

ఒకటి, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు రాసుకోవాలి. దీన్నే జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. "మా పరిధి కాదు" అనే హక్కు వాళ్ళకి లేదు. ఈ సెక్షన్ నంబరు ఇంట్లో అందరికీ నోటికి రావాలి. దీనికి లైసెన్సు అక్కర్లేదు.

రెండు, రాత్రి షిఫ్టు పెట్టే ప్రతి కంపెనీనీ ఇంటి గుమ్మం దాకా బండి అడగాలి. వారాంతం పార్టీ బడ్జెట్ గురించి హెచ్.ఆర్. తో కొట్లాడే మనం దీని గురించి ఎందుకు నోరెత్తం?

మూడు, పిస్టల్ అంటే నిజంగా ఇష్టముందా? ఉంటే తప్పేం లేదు. 20 జౌళ్ళ లోపు శక్తి ఉన్న .177 ఎయిర్ పిస్టల్ కి లైసెన్సు అక్కర్లేదు. గచ్చిబౌలి షూటింగ్ రేంజి మన ఆఫీసుల పక్కనే ఉంది. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2018లో, పదమూడేళ్ళ వయసులో, 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ లో జాతీయ ఛాంపియన్ అయింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. మొదటి పిస్టల్ ఏదంటే నా జవాబు ఇదే. రేంజిలో కాల్చి, రేంజిలోనే చేతులు కడుక్కుని ఇంటికి రండి.

ఇదంతా నేను చెబుతుంటే వెనకనుంచి చెల్లి వింటోంది. మేమిద్దరం గంటసేపు వాదించుకున్నాం గానీ, ఆమెని ఒక్క మాట అడగలేదని అప్పుడు తట్టింది. అడిగా.

"బావా, ఆ లక్ష నాకిచ్చెయ్. సంవత్సరం పాటు రాత్రిళ్ళు క్యాబ్ పెట్టుకుంటా" అంది.

బావ ఇంకేం మాట్లాడలేదు. మర్నాడు డబ్బులు వేశాడు.

తా.క.: బావ వేట లైసెన్సు గడువు ఎప్పటిదాకా ఉందో చూసుకోమని చెప్పా. "చూస్తా" అన్నాడు. మీ ఇళ్ళల్లో ఇలాంటి బావలుంటే మీరూ చెప్పండి.