ఊడదీయగల స్టీరింగ్ చక్రం: అలంకారమా, అవసరమా?

బ్రిటన్‌లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో కారు అంటే షోరూములో కొని తెచ్చుకొనే వస్తువే తప్ప, ఇంటి గరాజులో స్వయంగా కూర్చుకొనే వస్తువు కాదు. అయితే ఈ దేశంలో ఆ పనికి ఒక గౌరవప్రదమైన సంప్రదాయం ఉన్నది. 1957లో కాలిన్ చాప్‌మన్ స్థాపించిన లోటస్ సంస్థ ‘సెవెన్’ అనే తేలికపాటి కారును విడుదల చేసి, దానిని విడి భాగాలుగా కూడా అమ్మింది. పూర్తి కారుపై పడే పర్చేజ్ టాక్స్ విడి భాగాలపై పడకపోవడమే అందుకు ముఖ్య కారణం. 1973లో వ్యాట్ రాకతో ఆ వెసులుబాటు పోయింది. అభిరుచి మాత్రం పోలేదు. అదే సంవత్సరం సెవెన్ తయారీ హక్కులు కేటర్‌హామ్ సంస్థకు చేరాయి. 1996లో రాన్ ఛాంపియన్ అనే రచయిత, పాత ఫోర్డ్ ఎస్కార్ట్ భాగాలతో 250 పౌన్లలో స్పోర్ట్స్ కారు కట్టుకోవచ్చునని ఒక పుస్తకమే వ్రాశాడు. ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలలో కొందరికి ఇప్పుడు ఈ కిట్ కార్లపై మనసు పోవడం నేను సంతోషించే విషయం.

ఈ వ్యాసంలో నేను చర్చించదలచినది ఆ కారులోని ఒకే ఒక భాగం. దానిని ‘క్విక్ రిలీజ్’ అంటారు. స్టీరింగ్ చక్రానికీ, దాని వెనుక ఉన్న కడ్డీకీ మధ్య అమర్చే చిన్న సాధనం ఇది. వెనుకనున్న కంకణాన్ని లాగితే చక్రం మొత్తం చేతిలోకి ఊడి వస్తుంది. తిరిగి నెట్టితే క్లిక్‌మని కూర్చుంటుంది. చూడడానికి ముచ్చటగా ఉంటుంది. పందెపు కారు నడుపుతున్న అనుభూతి కలుగుతుంది. అందుకే కుర్రవాళ్ళు కారు సగం తయారు కాకముందే దీనిని కొని పెట్టుకొంటారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. నిజమైన అవసరం ఉన్నచోట ఇది మంచి సాధనమే. అలంకారం కొరకు మాత్రం దీనిని అమర్చరాదు. చవకబారు సరకును అసలే అమర్చరాదు.

పందెపు కార్లలో ఇది ఎందుకు వచ్చిందో ముందుగా గమనించాలి. ఫార్ములా వన్ కారులో చోదకుని స్థానం ఎంతో ఇరుకు. స్టీరింగ్ తీయనిదే అతడు కూర్చోలేడు, లేవనూ లేడు. ప్రమాదం జరిగితే కొద్ది సెకన్లలోనే అతడు బయటపడగలగాలని నిబంధన. చక్రాన్ని విడదీసే కంకణం పసుపు రంగులో ఉండాలని కూడా అంతర్జాతీయ నియమావళి చెబుతుంది. సహాయానికి పరుగెత్తి వచ్చిన వ్యక్తి వెతుక్కోకుండా చేయి వేయడానికే ఆ రంగు. అంటే అక్కడ ఈ సాధనం ప్రాణరక్షణకు ఉద్దేశించినది. సెవెన్ వంటి ఇరుకైన కార్లలో, మోకాళ్ళ నొప్పులున్న వారికీ, భారీ విగ్రహం కలవారికీ కూడా ఇదే న్యాయం కొంతవరకు వర్తిస్తుందని నేను ఒప్పుకొంటాను.

మరి అభ్యంతరం ఎక్కడ? కారులోని ముఖ్య భాగాలలో చాలావాటికి రెండవ దారి ఉన్నది. నేటి కార్లలో బ్రేకులకు రెండు వేర్వేరు ద్రవ మార్గాలుంటాయి. ఒకటి చెడినా రెండవది పనిచేస్తుంది. అదీ చాలకపోతే చేతి బ్రేకు ఉన్నది. స్టీరింగ్‌కు అటువంటి రెండవ దారి లేదు. ఎడ్లబండి ఇరుసు చివరనున్న చీల ఊడిపోతే చక్రం ఎంత గట్టిదైనా ఏమి ప్రయోజనం? ఇక్కడా అంతే. కారు తయారీదారు చక్రాన్ని కడ్డీపై పెద్ద నట్టుతో శాశ్వతంగా బిగించి ఇస్తాడు. మనం ఆ గట్టి సంధిని తొలగించి, దాని స్థానంలో రోజూ ఊడదీసి తగిలించే సంధిని పెడుతున్నాము. ఆ మార్పు బరువు మనకు తెలిసి ఉండాలి.

కొద్దిపాటి లెక్క వేసి చూద్దాము. చక్రం వ్యాసం 350 మిల్లీమీటర్లు అనుకొందాము. ఇరుకైన చోట కారు తిప్పేటప్పుడు రెండు చేతులూ చెరొక వైపున 200 న్యూటన్ల బలం, అనగా సుమారు 20 కిలోల బరువుతో సమానమైన బలం ప్రయోగిస్తే, కడ్డీపై పడే మెలి 70 న్యూటన్ మీటర్లు. హబ్ మధ్యనున్న పళ్ళ వరుస, అనగా స్ప్లైన్ల వ్యాసం 20 మిల్లీమీటర్లే అయితే, ఆ పళ్ళపై పడే మొత్తం బలం 7,000 న్యూటన్లు. అంటే సుమారు 700 కిలోల బరువు! చక్కగా కోసిన స్ప్లైన్లలో ఈ భారాన్ని పళ్ళన్నీ పంచుకొంటాయి. నాసిరకం కోతలో రెండు మూడు పళ్ళే మోస్తాయి. అవి త్వరగా అరిగిపోతాయి. ఆరు పలకల కడ్డీపై కూర్చొనే చవక రకంలో భారమంతా ఆరు మూలల దగ్గర కేంద్రీకృతమవుతుంది.

అరుగుదల అంటే ఎంత? పళ్ళ మధ్య మిల్లీమీటరులో పదో వంతు సందు ఏర్పడిందనుకొందాము. 10 మిల్లీమీటర్ల వ్యాసార్ధం దగ్గర ఉన్న ఆ సందు, 175 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న చక్రపు అంచు వద్దకు వచ్చేసరికి 1.75 మిల్లీమీటర్ల వదులుగా చేతికి తెలుస్తుంది. అందుచేత చేతికి తెలిసే కొద్దిపాటి ఆటను కూడా చిన్న విషయంగా కొట్టివేయరాదు. లోపల లోహం అరుగుతున్నదని చక్రం మనకు పంపే కబురు అది.

ఇక వృత్తిరీత్యా రసాయన శాస్త్రవేత్తను కనుక, బిగింపులోని రసాయనాన్ని గూర్చి రెండు మాటలు. చక్రాన్ని హబ్‌కు బిగించే ఆరు చిన్న మరలకు ద్రవరూపంలోని మరబంధనం వేయమని చెబుతారు. 1950లలో అమెరికాలోని ట్రినిటీ కళాశాల ఆచార్యుడు వెర్నన్ క్రీబుల్ రూపొందించిన లాక్‌టైట్ ఈ జాతికి ఆద్యమైనది. దాని స్వభావం విచిత్రం. గాలిలోని ఆక్సిజన్ తగులుతున్నంతసేపు అది ద్రవంగానే ఉంటుంది. అందుకే సీసాను నిండా నింపక, కొంత గాలికి చోటు విడిచి అమ్ముతారు. మర పళ్ళ మధ్య గాలి అందని ఇరుకులోకి చేరిన తరువాత, అక్కడి ఇనుము, రాగి అయాన్ల ప్రేరణతో మెథాక్రిలేట్ అణువులు గొలుసులుగా ముడిపడి గట్టిపడతాయి.

ఇందులో ఒక చిక్కున్నది. ఆ ప్రేరణ మామూలు ఉక్కు ఇచ్చినంత చురుకుగా స్టెయిన్‌లెస్ ఉక్కు గాని, ఆనొడైజ్ చేసిన అల్యూమినియం గాని ఇవ్వవు. మార్కెట్టులో దొరికే మెరుపు హబ్‌లలో చాలావరకు ఆనొడైజ్ చేసిన అల్యూమినియమే. వాటికి తోడుగా మెరుపు కొరకు స్టెయిన్‌లెస్ మరలు వాడితే, మరబంధనం గట్టిపడడానికి ఎంతో కాలం పట్టవచ్చు. చలికాలపు గరాజులో మరీ ఆలస్యం. జిడ్డును పూర్తిగా తుడిచి, తగిన ప్రైమరు పూసి, సీసాపై చెప్పిన గడువు ముగిసేవరకు కారును కదిలించకుండా ఉండడమే శాస్త్రీయమైన పద్ధతి.

రెండవది ఉప్పు. ఈ దేశంలో శీతకాలమంతా రోడ్లపై మంచు పట్టకుండా ఉప్పు చల్లుతారు. పైకప్పు లేని కారులో ఆ ఉప్పునీటి తుంపర అన్ని మూలలకూ చేరుతుంది. ఉక్కు కడ్డీ, అల్యూమినియం హబ్, మధ్య ఉప్పునీరు: ఇది మనం పాఠశాలలో చదువుకొన్న విద్యుత్ ఘటమే. అందులో క్షయించేది అల్యూమినియం. ఏర్పడిన తెల్లని పొడి కంకణం కదలికను అడ్డగిస్తుంది. ఫలితంగా చక్రం సగమే కూర్చొని, కూర్చున్నట్లు భ్రమ కలిగించవచ్చు. స్ప్లైన్లు రెండు వైపులా ఉక్కువైతే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. తయారీదారు సూచించిన పలుచని గ్రీజును, ఏడాదికొకసారి పాతది తుడిచి కొత్తది పూయాలి.

దీనిని సమర్థించేవారి వాదనలు లేకపోలేదు. మొదటిది దొంగల భయం. చక్రం ఇంటికి తెచ్చుకొంటే కారు ఎవరు తీసుకుపోతారు అంటారు. సెవెన్ జాతి కార్లు చాలా తేలిక, వాటిలో అనేకం 600 కిలోలకు మించవు. నలుగురు కలిసి ట్రైలరు మీదికి నెట్టుకుపోతే చక్రం ఇంట్లో ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. రెండవది, ఎందరో వాడుతున్నారు, ప్రమాదాలు ఎక్కడ అనే ప్రశ్న. సరియైన సరకును సరిగా అమర్చినవారు క్షేమంగానే ఉన్నారు, నిజమే. అందువలన సరికాని సరకుకు యోగ్యత రాదు గదా!

చట్టపరమైన సంగతి కూడా ఉన్నది. ఇంట్లో కూర్చిన కారు రోడ్డెక్కడానికి ముందు ఐ.వి.ఎ. అనే ప్రభుత్వ పరీక్ష నెగ్గాలి. ఢీకొన్నప్పుడు స్టీరింగ్ కడ్డీ ఈటెవలె చోదకుని ఛాతీలోకి దిగకూడదన్నది అందులో ఒక ముఖ్యాంశం. 1965లో రాల్ఫ్ నేడర్ తన గ్రంథంలో ఎత్తిచూపిన లోపాలలో ఇదొకటి. 1968 నుండి అమెరికాలో దీనికి ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. క్విక్ రిలీజ్ పెట్టినప్పుడు చక్రం కొన్ని సెంటీమీటర్లు ఛాతీకి దగ్గరవుతుందని మరువరాదు. కొందరు ఒక చక్రంతో పరీక్ష నెగ్గి, ఇంటికి వచ్చి వేరొకటి బిగిస్తారు. అది పరీక్షకుడిని మోసగించడం కాదు, తమను తాము మోసగించుకోవడం. మార్పును బీమా సంస్థకు తెలపకపోతే, ప్రమాదం జరిగిన రోజున ఆ మౌనానికి మూల్యం చెల్లించవలసి వస్తుంది.

దాత కారు నుండి తీసే పాత చక్రంలో గాలిసంచి ఉంటే దానిని ఇంట్లో విప్పరాదని తల్లిదండ్రులకు నా గట్టి హెచ్చరిక. అది క్షణంలో పేలి వాయువును విడుదల చేసే రసాయన సాధనం. 1990ల నాటి సంచులలో సోడియం అజైడ్ అనే విష పదార్థం ఉండేది. శిక్షణ పొందినవారికే ఆ పని అప్పగించాలి. కడ్డీపై హబ్‌ను వెల్డింగు చేయవలసి వస్తే అదీ అంతే.

ఇన్ని చెప్పినందువలన పిల్లలను గరాజు నుండి లోపలికి పిలవమని నా భావం కాదు. చేతిపనిని చదువుకన్న తక్కువగా చూసే అలవాటు మనలో కొందరికి ఇంకా పోలేదు. పై లెక్కలో భౌతిక శాస్త్రం ఉన్నది. ఆ మరబంధనంలో పాలిమర్ల పాఠం ఉన్నది. ఉప్పునీటిలో విద్యుత్ రసాయనం ఉన్నది. ఇవన్నీ చేతికి నల్లని గ్రీజు అంటించుకొని నేర్చుకొన్న పిల్లవాడు వాటిని జన్మలో మరువడు. మనం అడగవలసినది ఒక్కటే: ‘ఇది ఎందుకు పెడుతున్నావు, నాయనా?’ సరియైన కారణం చెప్పగలిగితే ఉక్కు స్ప్లైన్లున్న నాణ్యమైనది కొనిపెట్టండి. బండి కదిలే ప్రతిసారీ చక్రాన్ని తన వైపుకు గట్టిగా లాగి, అటూ ఇటూ తిప్పి చూసే అలవాటు చేయండి. కారణం చెప్పలేకపోతే ఆ డబ్బుతో మంచి టైర్లు కొనమనండి. రోడ్డుపై అతనిని కాపాడేవి అవే.