నారు నర్సరీ దాటకముందే వైరస్ పరీక్ష

వెంకటగిరికోట, పలమనేరు, మదనపల్లె ప్రాంతములలో టమోటా పెట్టు రైతులు నేడు చాలవరకు ప్రోట్రేలలో పెంచిన నారునే నర్సరీలనుండి కొని తెచ్చుచున్నారు. నారు పచ్చగా, నిటారుగా నున్న చాలునని ఎంచుచున్నారు. కాని తెల్లదోమ మోసికొనివచ్చు ఆకుముడత వైరస్ సోకిన మొక్క కొన్ని దినముల వరకు ఏ గుర్తును చూపదు. ఆకులు ముడుచుకొని మొక్క గిడసబారునప్పటికి ఎరువు, కట్టెలు, కూలి అన్నియు ఖర్చయి యుండును. లేతవయస్సున తెగులు సోకిన మొక్కకు కాపు దాదాపు లేనట్లే. దానిని బాగుచేయు మందును లేదు. కనుక నర్సరీలోనే నారును పరీక్షించు ఏర్పాటు కావలెను.

అందుకు మార్గ మిప్పుడు కలదు. బాక్టీరియాలు తమపై దాడిచేసిన వైరసుల ఆనవాలును దాచుకొని, అదే వైరస్ మరల వచ్చినచో గుర్తించి కత్తిరించును. క్రిస్పర్ అను ఈ కత్తెరను జన్యు సవరణకు సాధనముగా మలచిన షార్పెంటియర్, డౌడ్నా అను శాస్త్రజ్ఞురాండ్రకు 2020లో నోబెల్ బహుమతి లభించినది. పరీక్షలో ఈ కత్తెర మొక్కను మార్చదు. నూరిన ఆకు రసములో వైరస్ ఉన్నదా లేదా యని వెదకును, అంతే. జన్యువను మాట విని జంకవలసిన పనిలేదు. ఢిల్లీలోని జీనోమిక్స్ సంస్థవారు కోవిడ్ కొరకు ఇట్టి కాగితపు పట్టీ పరీక్షనే తయారుచేసి, సత్యజిత్ రాయ్ కథలలోని డిటెక్టివు పేర ఫెలూదా అనిరి. దానికి 2020 సెప్టెంబరులో అనుమతి లభించినది. 2021లో సౌదీ అరేబియాలోని శాస్త్రజ్ఞులు టమోటా ఆకుముడత వైరసులనే ఈ విధముగా పట్టి చూపిరి.

అయితే ఒక చిక్కు గలదు. వారు పట్టిన వైరసులలో నొకటి న్యూఢిల్లీ పేరు గలది. దక్షిణమున బెంగుళూరు పేరు గల వేరొక ఆకుముడత వైరస్ కలదు. ఒకదానికొరకు వ్రాసిన ఆనవాలు రెండవదానిని పట్టకపోవచ్చును. అప్పుడు పరీక్షలో నెగ్గిన నారే తెగులును పొలమునకు తెచ్చును. ఇది పరీక్ష లేకుండుటకంటె చెరుపు. తామరపురుగులు వ్యాపింపజేయు మొవ్వుకుళ్ళు వైరస్ మరియొక జాతి. దాని జన్యుపదార్థము ఆర్.ఎన్.ఏ. అగుటచే పరీక్షలో ఇంకొక మెట్టు కావలెను.

కావున ఉద్యాన విశ్వవిద్యాలయము వారు ముందుగా మన పొలముల ఆకులనే సేకరించి, వాని ననుసరించి పరీక్షను సిద్ధపరచవలెను. ప్రతి మొక్కను చూడనక్కరలేదు. ఒక్కొక్క విత్తకపు నారునుండి కొన్ని ఆకులు కలిపి చూచిన చాలును. ఖర్చు నర్సరీవారిదే కావలెను, రైతుది కాదు. ఎకరము పంటతో పోల్చిన అది వేల మొక్కలపై పడు స్వల్పభారము. పరీక్షించిన తేదీ, ఫలితము రసీదుపై వ్రాయించుట గ్రామ అధికారులు చూడవలెను. నాటిన పిదప తెల్లదోమ వచ్చునన్నది నిజమే. పొలములోని కాపలా రైతుకు ఎటులను తప్పదు.